డ్రమ్ముల బుల్లిరాజు కక్ష

బుల్లిరాజు గారు మండపేటలో ఒక రైస్ మిల్లులో ఫిట్టరు. పగలంతా షాఫ్టులకు గ్రీజు పెట్టడం, బెల్టులు బిగించడం, అరిగిన బేరింగులు మార్చడం ఆయన పని. ప్రోగ్రాం ఉన్న రోజు త్వరగా ఇంటికొచ్చి, గోళ్ళలో గ్రీజు పోయేదాకా కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆర్కెస్ట్రా వ్యాను కోసం బస్టాండు దగ్గర నిలబడేవారు. రాజమండ్రి నుంచి వచ్చే ఆ వ్యాను మీద ‘జోగేశ్వర్ మెలోడీస్’ అని ఎర్రక్షరాలతో రాసి ఉండేది. అందులో ఆయన డ్రమ్స్ వాయించేవారు. నేను బేస్ గిటార్. నా పేరు గణేష్‌బాబు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. బుల్లిరాజు గారి సంగతి చెప్పాలంటే నా సంగతి కూడా కొంత చెప్పుకోక తప్పదు. అది నాకంత గౌరవంగా ఉండదు. అయినా చెబుతాను.

ఆయన డ్రమ్స్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కుర్రతనంలో పెళ్ళిళ్ళకు వెళ్ళే బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము కొట్టేవారు. 1988లో ఒక పెళ్ళి ఊరేగింపులో జోగేశ్వరరావు గారు ఆయన్ని చూశారు. ఆర్కెస్ట్రా జోగేశ్వరరావు గారిదే. కీబోర్డు కూడా ఆయనే వాయించేవారు. “మేళంలో ఏముందయ్యా, నా దగ్గరికి వచ్చేయ్” అని పిలిస్తే బుల్లిరాజు గారు మర్నాడే రాజమండ్రి వచ్చేశారు. అప్పటినుంచి జోగేశ్వరరావు గారిని గురువుగారు అనేవారు. స్టేజీ ఎక్కే ముందు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి మరీ కర్రలు పట్టుకునేవారు.

జోగేశ్వరరావు గారికి సౌండు నిండుగా ఉండాలని పట్టుదల. ఏ ఊళ్ళో వాయించినా పక్క ఊళ్ళో వినబడాలనేవారు. అందుకోసం నిలువెత్తు స్పీకరు బాక్సులు రెండు చేయించారు. అందులో ఒకటి ఎప్పుడూ డ్రమ్స్ పక్కనే, బుల్లిరాజు గారి ఎడమ చెవికి మూరెడు దూరంలో పెట్టించేవారు.

“గురువుగారూ, ఒక్క రెండడుగులు అవతలకి జరిపిస్తారా? చెవి గింగురుమంటుందండి” అని ఆయన అడగడం నేను కనీసం నాలుగైదు సార్లు విన్నాను.

“జరిపితే స్టేజీ మీద అందం పోతుందయ్యా. డ్రమ్మర్‌వి, చప్పుడంటే భయమేంటి?” అనేవారు జోగేశ్వరరావు గారు. అందరం నవ్వేవాళ్ళం. బుల్లిరాజు గారు కూడా నవ్వేవారు.

1997 ఎండాకాలంలో రామచంద్రపురం దగ్గర ఒక ప్రోగ్రాంలో ఆ బాక్సు హఠాత్తుగా కూత పెట్టింది. మైకు స్పీకరుకు ఎదురైతే వచ్చే ఆ కీచుమనే కూత అందరికీ తెలిసిందే. మామూలుగా క్షణంలో ఆపేస్తారు. ఆ రోజు ఆంప్లిఫయరు దగ్గర ఎవరూ లేరు. ఎవరో పరుగెత్తుకొచ్చి ఆపేసరికి బుల్లిరాజు గారు ఎడమ చెవి మూసుకుని స్టూలు మీదే వంగిపోయి ఉన్నారు. కాసేపటికి లేచి మిగిలిన పాటలన్నీ వాయించారు. ఆ రోజు చెవిలో మొదలైన ఈల మళ్ళీ ఆగలేదు. ఏడాది తిరిగేసరికి ఆ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి కూడా మందగించింది.

రాజమండ్రిలో చెవి డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు కాగితం మీద గీతలు గీసి చూపించి, “ఇరవై ఏళ్ళ మిల్లు, పదేళ్ళ స్టేజీ. రెండూ కలిసి చేసిన పని ఇది. ఏది ఎంతని చెప్పలేం” అన్నారు. బుల్లిరాజు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బయటికి వచ్చాక నాతో అన్నారు: “పదేళ్ళు అడిగానండి, రెండడుగులు జరపమని.” మిల్లు మాటే ఎత్తలేదు.

అయినా వాయించడం మానలేదు. నా చేతివేళ్ళు చూస్తూ, పాడేవాళ్ళ పెదాలు చూస్తూ నెట్టుకొచ్చారు. చాలామందికి ఆయన చెవుడు సంగతి తెలియను కూడా తెలియదు.

1999 వినాయక నవరాత్రుల్లో మండపేటలోనే ప్రోగ్రాం పడింది. ఆయన సొంత ఊరు. ముందు వరసలో ఆయన భార్య శ్యామలాంబ గారు, కూతురు హేమశ్రీ కూర్చున్నారు. వెనకాల మిల్లు వాళ్ళంతా ఉన్నారు. నాలుగో పాటలో జోగేశ్వరరావు గారు చివరి చరణం కోసేసి, చెయ్యెత్తి పాట ఆపేశారు. నేనూ ఆపేశాను. ఆ క్షణాన బుల్లిరాజు గారు తల వంచుకుని ఉన్నారు. ఆయనకు తెలియలేదు. పాట అయిపోయాక కూడా ఆయన ఒక్కరే వాయిస్తూ ఉండిపోయారు. పది దెబ్బలు, ఇరవై దెబ్బలు. జనం మొదట అదేదో ప్రత్యేకమైన ముక్తాయింపు అనుకున్నారు. తర్వాత ఒకరిద్దరు నవ్వారు.

జోగేశ్వరరావు గారు మైకు అందుకున్నారు. “క్షమించాలి. మా డ్రమ్మర్ గారికి కొంచెం చెవుడు. పాట అయిపోయిందని ఎవరైనా వెళ్ళి ఆయన చెవిలో చెప్పండి” అన్నారు.

పందిరి మొత్తం నవ్వింది. బుల్లిరాజు గారు తలెత్తి ఆ నవ్వు చూశారు. చేతులు గాలిలోనే ఆగిపోయాయి. ఎందుకు నవ్వుతున్నారో అర్థంగాక ఆయన కూడా ఒక నవ్వు నవ్వబోయి, భార్య మొహం చూసి ఆపేశారు. శ్యామలాంబ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తున్నారు. జోగేశ్వరరావు గారు మిగిలిన ప్రోగ్రాం అంతా కీబోర్డులో ఉండే మిషను తాళంతోనే లాగించేశారు. దిగిపోదామంటే జనం మధ్యనుంచి నడవాలి. అందుకని బుల్లిరాజు గారు కర్రలు ఒళ్ళో పెట్టుకుని, అందరూ చూస్తుండగా, ఇంకో పదకొండు పాటలు అయ్యేదాకా ఆ డ్రమ్ముల వెనకాలే కూర్చున్నారు.

ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. జోగేశ్వరరావు గారు అన్నది నాకు నిజంగానే నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది గాని, ముందు నవ్వాను.

మర్నాటి నుంచి మిల్లులో అదొక ఆట అయిపోయింది. షిఫ్టు అయిపోగానే ఎవడో ఒకడు ఆయన దగ్గరికొచ్చి చెవి దగ్గర నోరు పెట్టి, “పాట అయిపోయిందండోయ్” అనేవాడు. జోగేశ్వరరావు గారు వేరే డ్రమ్మర్‌ని పెట్టుకున్నారు. కిరణ్ అని ఇరవై నాలుగేళ్ళవాడు, మంచి చెయ్యి. వ్యాను మండపేట బస్టాండు దగ్గర ఆగడం మానేసింది. ఆ ఏడాదిలోనే ఆయన కుడి చెవి కూడా పోయింది.

శ్యామలాంబ గారు తర్వాతెప్పుడో నాతో చెప్పారు. “అన్నయ్యగారూ, ఆ ఏడాదంతా ఈయన ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదండి. అన్నం పెడితే తినేవారు, లేకపోతే లేదు. ఒకరోజు ఏమండీ, ఏంటాలోచిస్తున్నారని కాగితం మీద రాసి చూపించాను. జోగేశ్వరరావు గురించి అన్నారు. గారు లేదు, గురువు లేదు. నాకు భయమేసిందండి.”

కక్ష తీర్చుకునే దారి ఆయనకు మిల్లులోనే దొరికింది. ఒకరోజు పాలిష్ మిషను పక్కన చెప్పులు విప్పి నిలబడి ఉండగా, సిమెంటు నేల గుండా అరికాళ్ళకు ఏదో తేడా తెలిసింది. రోజూ సాఫీగా వచ్చే అదురు మూడో చుట్టుకొకసారి తడబడుతోంది. వంగి షాఫ్టు మీద చెయ్యి పెట్టి, “ఈ బేరింగు రేపటికి ఉండదు” అని మేస్త్రీతో చెప్పారు. మేస్త్రీ చెవి పెట్టి విని, ఏమీ లేదన్నాడు. మర్నాడు పన్నెండు గంటలకు ఆ బేరింగు పగిలి మిల్లు ఆగిపోయింది. మేస్త్రీ వచ్చి ఎలా తెలిసిందని అడుగుతుంటే బుల్లిరాజు గారు సైకిలు తీసుకుని తిన్నగా లాజరు కొట్టుకు వెళ్ళారు.

లాజరుది మండపేటలోనే మైక్ సెట్టు కొట్టు. చర్చి పండగలకూ పెళ్ళిళ్ళకూ సౌండు పెట్టేవాడు. కాలిపోయిన ఆంప్లిఫయర్లు బాగుచేయడంలో అతని చెయ్యి తిరుగులేనిది.

“లాజరూ, నాకు పాట వినబడక్కర్లేదు. దెబ్బ తెలిస్తే చాలు. బేస్ గిటారు చప్పుడు నా కింద నుంచి రావాలి. స్టూల్లోంచి. అలా చేయగలవా?”

లాజరు కాగితం మీద రాశాడు: ‘ఎందుకండీ?’

“ఒకడి పని పట్టాలి” అన్నారు బుల్లిరాజు గారు.

ఆ ఆదివారం నన్ను పిలిపించారు. లాజరు కాలిపోయిన పెద్ద స్పీకరు ఒకటి తీసి, దాని అట్ట కోసేసి, లోపల కాయిలు మాత్రం బాగుచేసి, దానికొక ఇనప బిళ్ళ అంటించాడు. ఆ మొత్తాన్ని చెక్కకు బిగించి, ఆ చెక్కను డ్రమ్మర్ స్టూలు కింద మేకులతో కొట్టాడు. నా గిటారు వైరు ఒక ఆంప్లిఫయరుకు, అక్కణ్ణుంచి ఆ కాయిలుకు కలిపాడు. నేను ఒక దెబ్బ వేశాను. బుల్లిరాజు గారు ఉలిక్కిపడ్డారు. ఇంకోటి వేశాను. ఆయన కళ్ళు మూసుకుని, “వేయండి, ఆపకండి” అన్నారు.

ఆపకుండా ఓ పది నిమిషాలు వాయించాను. ఆయన గాలిలోనే కర్రలు ఆడిస్తున్నారు. ప్రతి దెబ్బా నాతో సరిగ్గా పడుతోంది. ఇంతలో స్టూలు కింద నుంచి పొగ వచ్చింది. లాజరు లేవమని చేతులు ఊపుతున్నా ఆయన లేవలేదు. కాయిలు పూర్తిగా మాడి అదురు ఆగిపోయాకే లేచారు. లుంగీకి వెనకాల అరచెయ్యంత మాడిన మరక పడింది. ఆయన మొహంలో మాత్రం ఏడాదిగా నేను చూడని వెలుగు ఉంది. సంతోషం అనలేను. వేటాడేవాడికి జాడ దొరికినప్పుడు మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

తర్వాత లాజరు మద్రాసు వెళ్ళినప్పుడు అసలు వస్తువే పట్టుకొచ్చాడు. కార్ల సీట్ల కింద, పెద్దింటివాళ్ళ సోఫాల కింద పెట్టుకునేదట. షేకర్ అంటారన్నాడు. చూడటానికి అరిసెంత వెడల్పు ఇనప డబ్బా. మోగదు, అదురుతుంది అంతే. సన్న శబ్దాలన్నీ వడగట్టేసి, బేస్ గిటారు, కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము, ఈ రెండే దాంట్లోకి పంపాడు. స్టేజీ అదురు స్టూల్లోకి రాకుండా, స్టూలు అదురు స్టేజీలోకి పోకుండా కాళ్ళ కింద లారీ టైరు ముక్కలు కోసి పెట్టాడు.

ఆ స్టూలు మీద బుల్లిరాజు గారు ఏడాదిన్నర సాధన చేశారు. ఆయనతో వాయించడం నాకు ప్రాణం మీదికొచ్చేది. నేను వేసిన ప్రతి దెబ్బా తిన్నగా ఆయన నడుములోకి పోతుంది. చెవులున్నవాళ్ళ దగ్గర దాచుకోగలిగే తప్పులు ఆయన దగ్గర దాగవు. “మూడోది ఆలస్యమైందండి, గణేష్‌బాబు గారూ” అనేవారు. “ఇందాక వేలు జారింది కదండీ” అనేవారు. నేను జోగేశ్వర్ మెలోడీస్ మానేసి ఈ గుంపులోకి వచ్చేశాను. లాజరు సౌండు, నా బేసు, కాకినాడ నుంచి ఇద్దరు గిటారు, కీబోర్డు వాళ్ళు. ‘గౌతమి బీట్స్’ అని పేరు పెట్టాం.

అప్పుడు ఆయన తన ఉద్దేశం బయటపెట్టారు. మండపేటకు మూడు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో ఏటా అమ్మవారి తీర్థానికి రెండు ఆర్కెస్ట్రాలను ఎదురెదురుగా పెట్టి పోటీ నడిపేవారు. హైస్కూలు గ్రౌండుకు ఆ చివరొక స్టేజీ, ఈ చివరొక స్టేజీ. మధ్యలో జనం. ముందంతా వంతులవారీగా పాటలు. చివర్లో ఒక ఆట ఉండేది. రెండు వైపులవాళ్ళూ ఒకే పాటను, పాడేవాళ్ళు లేకుండా వాద్యాలతో మాత్రమే, ఒకేసారి మొదలుపెట్టాలి. ఎవరి తాళం ముందు చెడితే వాళ్ళు ఓడినట్టు. మూడేళ్ళుగా జోగేశ్వర్ మెలోడీసే గెలుస్తోంది.

“అక్కడ ఎందుకు తాళం చెడుతుందో తెలుసాండి?” అని అడిగారు బుల్లిరాజు గారు. “గ్రౌండుకు ఆ చివర కొట్టిన దెబ్బ ఈ చివరికి వచ్చేసరికి కొంచెం ఆలస్యమవుతుంది. మన దెబ్బా ఎదుటివాళ్ళ దెబ్బా కలవవు. చెవులున్నవాడు ఎంతోసేపు ఆగలేడు, అవతలివాళ్ళ తాళంలోకి జారిపోతాడు. నాకా బాధ లేదు కదండీ.”

లాజరు షెడ్డులో నెలరోజులు అదే సాధన. రెండు పెద్ద బాక్సులు ఆయన మొహానికి ఎదురుగా పెట్టి, వేరే వేగంలో ఉన్న దరువును క్యాసెట్టులో వేసి, షెడ్డు రేకులు ఎగిరిపోయేంత గట్టిగా మోగించేవాడు లాజరు. నేను చెవుల్లో దూది కుక్కుకుని, బుల్లిరాజు గారి కుడికాలి మడమనే చూస్తూ వాయించేవాణ్ణి. కాకినాడ వాళ్ళిద్దరిదీ అదే పద్ధతి. అయినా మొదట్లో తడబడేవాణ్ణి. ఆయన మాత్రం గోడ గడియారంలా ఉండేవారు.

2002 తీర్థం నాటి సాయంత్రం మేము స్టేజీ సర్దుకుంటుంటే జోగేశ్వరరావు గారు గ్రౌండు దాటి వచ్చారు. సిల్కు లాల్చీ, మెళ్ళో గొలుసు. బుల్లిరాజు గారిని చూడనట్టే నన్ను పలకరించారు.

“ఏంటి గణేష్‌బాబూ, చెవిటివాణ్ణి పెట్టుకుని పోటీకొచ్చారా? ఆపమని ఎవరు చెబుతారయ్యా ఆయనకి?”

బుల్లిరాజు గారు ఆయన పెదాలు చూశారు. స్టూలు కాళ్ళ కింద టైరు ముక్కలు సరిచేసుకుంటూ, “వెళ్ళమనండి” అన్నారు నాతో.

వంతుల పాటల్లో పెద్ద విశేషమేమీ జరగలేదు. నిజానికి వాళ్ళే కొంచెం బాగా వాయించారు. ఏడున్నరకు కమిటీ ప్రెసిడెంటు పల్లంరాజు గారు గ్రౌండు మధ్యలో కుర్చీ ఎక్కి ఎర్ర తువ్వాలు ఊపారు. రెండు వైపులా ఒకేసారి మొదలైంది.

మొదటి నాలుగు నిమిషాలు బుల్లిరాజు గారు వాళ్ళ వేగంలోనే వాయించారు. ఎదుటి డ్రమ్మర్ చేతులనే చూస్తూ, వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. ఎదురుగా కిరణ్ ధీమాగా వాయిస్తున్నాడు. అతని చెవులు మా దరువుకు అలవాటు పడిపోయాయి. ఐదో నిమిషంలో బుల్లిరాజు గారు నా వైపు చూసి గడ్డం కొద్దిగా దించారు. అది గుర్తు. అక్కణ్ణుంచి తాళాన్ని లాగడం మొదలుపెట్టారు. బియ్యంగింజ మందాన, ఒక్కో దెబ్బా వెనక్కి. మేం ముగ్గురం ఆ మడమను చూస్తూ వెంట వెళ్ళాం. కిరణ్‌కు ఏదో తేడా తెలిసింది. సర్దుకోబోయి మా వైపుకు జారాడు. వాళ్ళ కీబోర్డు జారలేదు. జోగేశ్వరరావు గారు తల తిప్పి కిరణ్ వైపు చూడటం గ్రౌండు ఇవతలి నుంచి కూడా కనబడింది. కిరణ్ కంగారుగా వేగం పెంచాడు. సరిగ్గా అప్పుడే బుల్లిరాజు గారు కూడా ముందుకు తోశారు. కిరణ్ ఇంకా ముందుకు పడ్డాడు.

“కిరణ్, స్పీడు” అని జోగేశ్వరరావు గారు అరిచిన అరుపు మైకులోంచి ఊరంతటికీ వినబడింది. ఆ అరుపుతో వాళ్ళ గిటారువాడు కూడా తప్పాడు. పాట మూడు ముక్కలైపోయింది. కీబోర్డు ఒక దారి, గిటారు ఒక దారి, డ్రమ్స్ ఇంకో దారి. జనం ఈలలు వేస్తుండగా ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు.

పల్లంరాజు గారు మా వైపు తిరిగి తువ్వాలు ఊపారు. మేము గెలిచినట్టు. బుల్లిరాజు గారు చూశారు. మమ్మల్ని ఆపమని చేత్తో సైగ చేశారు. మేం ఆపాం. ఆయన ఆపలేదు.

నేను మూడేళ్ళ కిందట చూసిందే మళ్ళీ చూస్తున్నట్టుంది. పాట అయిపోయింది, ఆయన ఒక్కరే వాయిస్తున్నారు. ఈసారి తల వంచుకోలేదు. గ్రౌండు అవతల నిలబడ్డ జోగేశ్వరరావు గారినే చూస్తూ, ఒకే దరువు, ఒకే బరువుతో, రెండు నిమిషాలకు పైగా కొట్టారు. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆపాక మైకు అడిగి తీసుకున్నారు. తన గొంతు తనకు వినబడదు కనుక ఎప్పుడూ అవసరానికి మించి గట్టిగా మాట్లాడేవారు.

“జోగేశ్వరరావు గారూ, మీ పాట అయిపోయిందండి. దిగండి.”

జనం ఊగిపోయారు. ముందు వరసలో మిల్లువాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. అవతల స్టేజీ మీద జోగేశ్వరరావు గారు కిరణ్‌ను చెంపమీద కొట్టారు. కిరణ్ కర్రలు అక్కడే పడేసి చీకట్లోకి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ డ్రమ్స్ ముట్టుకోలేదని, రాజమండ్రిలో ఎక్కడో సెల్‌ఫోన్ల కొట్టులో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. ఆ మాట బుల్లిరాజు గారికి రాసి చూపిస్తే, చదివి, కాగితం తిరిగిచ్చేశారు.

అంతటితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పిలవడానికి వచ్చిన ప్రతి కమిటీకీ ఆయన ఒకే మాట చెప్పేవారు: “ఆయన్ని పిలిచిన ఏడాది మేం రామండి.” మా పేరు అప్పుడు బాగా నడుస్తోంది. ఒక్కొక్క ఊరూ జోగేశ్వర్ మెలోడీస్‌ను వదిలేసింది. రెండేళ్ళు గడిచేసరికి వ్యాను అమ్ముడుపోయింది. ఎర్రక్షరాల మీద నీలం రంగు పూసి ఎవరో అందులో అరటిగెలలు తోలుతున్నారు.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. అప్పటికి మెల్లగా, ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పట్టుకునేవారు.

“ఇంక చాలు కదండీ. ఆ డాక్టరు గారు మిల్లు వల్ల కూడా అన్నారు. అంతా ఆయనే చేశాడనుకోవడం న్యాయం కాదేమో.”

“మిల్లు వల్ల కాదని నేనెప్పుడూ అనలేదండి” అన్నారు. “మిల్లు నన్ను చూసి నవ్వలేదు.”

నేను వెళ్ళబోయాను. ఆయన వెళ్ళనివ్వలేదు.

“మీరు నవ్వారు, గణేష్‌బాబు గారూ. నేను చూశాను. మీరు నా కుడిపక్కనే కదా ఉన్నారు.”

ఆ నవ్వు తర్వాత కూడా నాలుగేళ్ళుగా పక్కపక్కన వాయిస్తున్నాం. ఆయన ఇంట్లో ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

“మరి నన్నెందుకు వదిలేశారండి?” అన్నాను.

“బేస్ గిటారు కావాలి కదండీ నాకు” అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ తర్వాత చాలా రోజులు నేను ఒక్కో దెబ్బా భయపడుతూ వేశాను.

2004లో జోగేశ్వరరావు గారు యానాంలో ఉన్నారని తెలిసింది. అక్కడ బారు పైన ఒక రెస్టారెంటులో ఆదివారాలు మధ్యాహ్నం కీబోర్డు వాయిస్తున్నారట. బుల్లిరాజు గారు రమ్మంటే కాదనలేక వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి జోగేశ్వరరావు గారు ఒక మూల బల్ల వెనకాల కూర్చుని మిషను తాళం మీద ఏదో పాత పాట వాయిస్తున్నారు. జుట్టుకు రంగు వెయ్యడం మానేశారు. చవకమందు కోసం వచ్చిన బేరాలే తప్ప వినేవాళ్ళెవరూ లేరు. బుల్లిరాజు గారు ఆయనకు ఎదురుగా ఉన్న టేబుల్ దగ్గర కూర్చున్నారు. సోడా తెప్పించుకున్నారు. అలాగే చూస్తూ కూర్చున్నారు. మూడు పాటలయ్యాక జోగేశ్వరరావు గారు లేచి మా దగ్గరికొచ్చారు. సర్వరు దగ్గర ఆర్డరు రాసుకునే పుస్తకం తీసుకుని రాశారు: ‘ఆ రోజు నేను అలా అని ఉండకూడదు. తప్పయింది.’

బుల్లిరాజు గారు చదివారు. పుస్తకం వెనక్కి తోశారు.

“మైకులో చెప్పండి” అన్నారు.

హాల్లో అందరూ తిరిగి చూశారు. జోగేశ్వరరావు గారు నా వైపు చూశారు, ఏదైనా సాయం చేస్తానేమోనని. నేను సోడా సీసా వైపు చూశాను. ఆయన నెమ్మదిగా వెనక్కి నడిచి వెళ్ళి, మైకు పట్టుకుని, నిలబడే చెప్పారు. “మండపేటలో నా దగ్గర వాయించే బుల్లిరాజు గారిని నేను పదిమందిలో అవమానించాను. అది తప్పు. క్షమించాలి.” ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. కిటికీ పక్కన కూర్చున్న ఒకాయన అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టాడు.

బుల్లిరాజు గారు ఆ పెదాలనే చూస్తూ ఉన్నారు. మాట ముగిశాక లేచి బయటికి వచ్చేశారు. బస్సెక్కాక, ఆయన సరిగ్గా ఏమన్నాడో ప్రతి మాటా చెప్పమన్నారు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ద్రాక్షారామం దాటాక, “వచ్చే ఆదివారం మళ్ళీ వద్దామండి. మళ్ళీ చెప్పిద్దాం” అన్నారు.

“నేను రానండి” అన్నాను.

ఇక నాతో మాట్లాడరనుకున్నాను. కాని దిగేటప్పుడు నా గిటారు తీగెలు అరిగాయని, మంగళవారం సాధనకు కొత్తవి తెచ్చుకోమని చెప్పి వెళ్ళారు.

ఆదివారం ఆయన ఒక్కరే యానాం వెళ్ళారు. మంగళవారం లాజరు షెడ్డుకు వచ్చినప్పుడు ఏమైందని అడిగాను.

“ఈసారి నన్ను చూసి కూడా లేవలేదండి. వాయిస్తూనే ఉన్నాడు” అన్నారు.

“మరి మీరేం చేశారు?”

“ఆకలేసింది. భోంచేసి వచ్చేశాను.”

“ఏం తిన్నారండి?”

“చేపల పులుసు. బానే ఉంది. కొంచెం పులుపెక్కువ” అన్నారు. వంగి స్టూలు కింద వైరు బిగించుకుని, కూర్చుని, వాయించమని నాకు తలూపారు.